కర్ర పోయింది సరే, పెత్తనం ఎవరి చేతికి పోయింది? అంగన్‌వాడీ, నర్సరీ టీచర్ల మాట విలువ

పానగల్లు గట్టు | నల్లగొండ

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్ల 3 నుంచి 6 ఏండ్ల పిల్లలతోటి పనిచేసే టీచర్లు నాలుగు దిక్కుల నుంచి నలుగుతున్నరు. కర్ర పట్టొద్దని చట్టం. ఆటతోటే చదువు చెప్పుమని 2022 జాతీయ విద్యా ప్రణాళికా చట్రం. ఇంకా రాత రాలేదేమని తల్లిదండ్రులు. ఫొటో పెట్టలేదేమని పైనుంచి ఫోన్లు. ఇన్నింటి నడుమ ఆ గదిల టీచర్ తన సొంతంగా తేల్చేది ఏం మిగిలిందో తెలుస్తలేదు.

రెండు సంగతుల మీద మీ మాట కావాలె. ఒకటి, 25 మంది ఉన్న గదిల దెబ్బ, బెదిరింపు లేకుండ మాట చెల్లించుకునే పద్ధతి. రేపు పొద్దున పోయి చేయగలిగేటంత వివరంగ రాయండి. రెండు, "మా పిల్లకు ఏబీసీడీలు ఎందుకొస్తలేవు" అని అడిగిన తల్లికి ఏం చూపెట్టాలె?

మా బడిల అట్లైంది, ఇట్లైంది అనే కథలు వద్దు. పనికొచ్చే ముచ్చట రాయండి.

పిల్లలమర్రి | మహబూబ్‌నగర్

నేల కాడి నుంచి మొదలుపెడదాం. పిల్లలు మాట వినకపోవడంల సగం జాగ లెక్కనే ఉంటది. మూడు నాలుగేండ్ల పిల్ల చక్లముక్లం పెట్టుకొని కూసుంటే, మోకాళ్లు పక్క పిల్లకు తగలకుండ 40 సెంటీమీటర్లు కావాలె. 25 మందిని గుండ్రంగ కూసోబెట్టాలంటే చుట్టుకొలత 10 మీటర్లు. అడ్డం కొలిస్తే 3 మీటర్ల 20, అంటే పదిన్నర అడుగులు. 10 అడుగులకు 12 అడుగుల కిరాయి గదిల బియ్యం డబ్బా, బీరువా, బరువు మిషను పోను ఆ గుండ్రం పట్టనే పట్టదు. అప్పుడు పిల్లలు రెండు వరుసలైతరు. ఎనుక వరుసకు టీచర్ మొహం కనపడదు. గిచ్చుకుంటరు, టీచర్ అరుస్తది. పిల్లలు తుంటరోళ్లు అనుకుంటం గాని అక్కడున్నది జాగ కరువు.

అందుకే రెండు గుంపులు చేయండి. 12 మందికి ఐదడుగుల గుండ్రం సరిపోతది. ఒక గుంపు టీచర్ దగ్గర కథో ముచ్చటో వింటది, రెండోది ఆయమ్మ కండ్ల ముందు ఆడుకుంటది. 12 నుంచి 15 నిమిషాలకు మార్చుకోవాలె. సుద్ద గీత తెల్లారేసరికి చెరిగిపోతది, కాబట్టి అరచేయంత చుక్కలు ఎనామిల్ పెయింటుతోటి వేయించండి. "నీ చుక్క మీద కూసో" అంటే మూడేండ్ల పిల్లకు సుత సమజైతది. "సక్కగ కూసో" అంటే కాదు, సక్కగ అంటే ఏందో ఆ పిల్లకు తెల్వదు.

గొడవ ఎక్కువగ ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడే పుడతది. చేతులు కడిగే కాడ చూడండి. ఒక బకెట్, ఒక మగ్గు, పిల్లకు 20 సెకండ్లు. 25 మందిని ఒక్కసారే లేపితే చివరి పిల్ల 8 నిమిషాలు వరుసల నిలబడాలె. ఆ వయసుల 8 నిమిషాలు ఊకె నిలబడుడు అయ్యేపని కాదు, తోసుకుంటరు. ఐదుగురు చొప్పున పంపండి. మిగిలినోళ్లు చుక్కల మీదనే పాట పాడుతుండాలె.

ఒక్కో మార్పుకు ఒక్కో పాట పెట్టుకోండి. చేతులు కడిగే పాటను కథకు పిలిచేటప్పుడు పాడొద్దు. పాట నడుమ మాటలు కలపొద్దు. పాట అయిపోయేసరికి ఎందరొస్తే అందరితోటే పని మొదలుపెట్టాలె. రానోళ్ల కోసం ఆగితే వచ్చినోళ్లు లేస్తరు. మొదలుపెడితే రానోళ్లే వస్తరు.

నల్లరేగడి | అలంపూర్

ఇవన్నీ ట్రైనింగుల వినడానికి బాగుంటయ్. ఇంట్ల చెంపదెబ్బకు అలవాటైన పిల్లగాడు చుక్కలకు, పాటలకు వింటడా? వలస పోయిన ఇండ్లల్ల పిల్లలు ముసలోళ్ల కాడ పెరుగుతరు. గారాబమూ ఎక్కువే, దెబ్బా ఎక్కువే. నాయనమ్మనే తోలుకొచ్చి "జర భయం పెట్టు టీచరమ్మా" అని అప్పజెప్పి పోతది. భయం లేని కాడ మాటకు విలువ ఏముంటది?

పిల్లలమర్రి | మహబూబ్‌నగర్

అన్నా, భయానికి ఒక గుణం ఉంటది. భయపెట్టినోళ్లు గదిల ఉన్నంత సేపే పనిచేస్తది. టీచర్ రిజిస్టరు రాసుకోను తిరిగితే అయిపాయె.

ఇగ అంగన్‌వాడీలల్ల కర్ర కంటే ఎక్కువ నడిచేది బెదిరింపు. "సూపర్‌వైజర్ మేడమ్ వస్తుంది", "పోలీసోళ్లకు పట్టిస్తా", "ఏఎన్ఎం అక్కతోటి సూది ఏయిస్తా". ఈ మాట అన్న ప్రతిసారి టీచర్ తన పెత్తనాన్ని తీసి వేరేటోళ్ల చేతుల పెడుతున్నట్టే. నా మాట చెల్లదు, ఆమె మాటే చెల్లుతది అని పిల్లలకు తనే నేర్పుతున్నది. పైగ సూది పేరుతోటి ఏడాదంత భయపెట్టినంక, ఐదేండ్ల డీపీటీ బూస్టరు టీకా నాడు ఆ పిల్లలే మంచం కింద దాక్కుంటరు. బుధవారం, శనివారం టీకాల పొద్దు హాజరు పడిపోవడానికి ఇదీ ఒక కారణం.

చేసిన పనికి ఫలితం వెంటనే ఉండాలె, ఆ పనికే సంబంధించి ఉండాలె, చిన్నగ ఉండాలె. చెక్క బిళ్లలు విసిరిండా? "బిళ్లలు కట్టడానికి. విసిరినవ్ కాబట్టి ఈ పూటకు బిళ్లల మూల నీకు బంద్, బొమ్మల మూలకు పో." అంతే. రేపు పొద్దున మళ్లీ బిళ్లలు ఇయ్యాలె. నిన్నటి ముచ్చట ఎత్తొద్దు. అన్నం, గుడ్డు, బయటి ఆట శిక్ష కింద ఎన్నడూ ఆపొద్దు. "అల్లరి చేస్తే గుడ్డు లేదు" అనే టీచర్లున్నరు. ఆ గుడ్డు పిల్ల హక్కు, దాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదు.

కొరికిన పిల్ల సంగతి వేరే. ముందు దెబ్బ తాకిన పిల్ల దగ్గరికి పోవాలె, కొరికిన పిల్ల దగ్గరికి కాదు. కడిగి, చూసి, ఎత్తుకొని, ఆ తర్వాత కొరికిన పిల్ల ఎత్తుకు మోకాళ్ల మీద దిగి, పేరు పెట్టి, చెయ్యందే దూరంల చిన్న గొంతుతోటి ఒక్కటే మాట: "కొరికితే నొస్తది. కోపమొస్తే నాకు చెప్పు." బలవంతంగ సారీ చెప్పించొద్దు. సారీ అంటే తప్పించుకునే మంత్రం అని మూడు రోజులల్ల పట్టేస్తరు.

కొత్త పిల్లలకు ఇది కుదరడానికి వారాలు పడతయ్. కేంద్రం 2024ల తెచ్చిన ఆధారశిల పాఠ్య ప్రణాళిక 48 వారాలది. అందుల మొదటి 4 వారాలు పిల్లలు కుదురుకోవడానికే వదిలిపెట్టిన్రు. ఆ 4 వారాలల్ల పాఠం మొదలుపెట్టిన టీచర్ ఏడాదంత అరుస్తనే ఉంటది.

నల్లరేగడి | అలంపూర్

గుడ్డు ముచ్చట ఒప్పుకుంటా. మిగిలింది చూద్దాం.

పాత గ్రంథాలయం | నల్లగొండ

ఈ పెత్తనం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. వీధిబడి అయ్యవారికి జీతం ఇచ్చింది ఊరే. ధాన్యమో దక్షిణో ముట్టేది. కాబట్టి ఆయనకు పై అధికారి లేడు. ఏది ముందు నేర్పాలో, ఎవరిని ఎన్నాళ్లు ఓనమాల దగ్గర ఆపాలో ఆయన ఇష్టం. కోదండం, గోడకుర్చీ, గుంజిళ్లు వంటి శిక్షలు ఆ అధికారంలో భాగం. శిక్షించే చెయ్యి, నిర్ణయించే బుర్ర ఒకే మనిషివి.

చిన్నపిల్లల చదువులో దీన్ని విడగొట్టే ఆలోచన వందేళ్ల కిందటిదే. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తొలి బాలల గృహం తెరిచారు. గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం నడిపారు. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. వాళ్ల పద్ధతిలో టీచర్ గొంతు తగ్గుతుంది, కానీ గదిని అమర్చే పని మొత్తం టీచర్‌దే. ఏ వస్తువు ఏ ఎత్తులో ఉండాలి, ఏ పిల్లకు ఎప్పుడు చూపించాలి అన్నది ఆమె తేల్చాలి. శిక్షించే చెయ్యి పోయింది, నిర్ణయించే బుర్ర ఉండిపోయింది.

మన దగ్గర జరిగింది కొంత వేరు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైనప్పుడు ఆ మహిళను కార్యకర్త అన్నారు. పోషకాహారం, టీకాలు, పూర్వ ప్రాథమిక విద్య అన్నీ ఆమె నెత్తినే. తెలంగాణలో ఆమెను ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్ అంటున్నారు. పేరు మారింది, వచ్చేది మాత్రం ఇప్పటికీ గౌరవ వేతనమే. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు ఇస్తూ, ఆ కేంద్రాల్లో జరిగేది చదువు చెప్పే పని కూడా అని గుర్తించింది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌ను కూడా ప్రస్తావించింది. టీచర్ హోదా గురించి ఎవరైనా ఎద్దేవా చేస్తే చెప్పదగిన మాట ఇది.

నా దృష్టిలో పానగల్లు గట్టు గారు అడిగినదానికి అసలు జవాబు ఇక్కడుంది. శిక్షించే చెయ్యితో పాటు నిర్ణయించే బుర్రనూ మనం తీసేసుకున్నాం. ఈ రోజు ఏ పాట, ఏ కృత్యం, ఏ ఫొటో అన్నది పైనుంచి వస్తే, ఆ టీచర్ మాటను పిల్లలే కాదు తల్లులు కూడా పట్టించుకోరు.

మూసీ ఆయకట్టు | మిర్యాలగూడ

ప్రైవేటు సంగతి ఎవరూ రాస్తలేరు. అక్కడ నిర్ణయించేది ఫీజు. నర్సరీకి డైరీ, హోంవర్కు, యూనిట్ టెస్టు, ర్యాంకు. 2022 చట్రం 3 నుంచి 6 ఏండ్లకు పాఠ్యపుస్తకమే నిర్ణయించొద్దన్నది, పరీక్షలు వద్దన్నది. బ్యాగుల ఆరు పుస్తకాలుంటయ్. ఈడ టీచర్ చేయగలిగేది ఒక్కటి చెప్పండి.

బలపం ముక్క | సూర్యాపేట

ఒకటి కాదు, రెండున్నయ్. ముందు హోంవర్కు.

మేనేజ్‌మెంటుతోటి పంచాయితీ పెట్టుకోకుండ హోంవర్కు గుణం మార్చొచ్చు. డైరీల "ఏ నుంచి జెడ్ రెండుసార్లు" అని రాసే బదులు "చిక్కుడుకాయలు 10 ఒలిపించండి, గింజలు లెక్కపెట్టించండి" అని రాయండి. తల్లికి పని చెప్పినట్టు ఉంటది, డైరీ నిండుతది, పిల్లకు బొటనవేలు, చూపుడువేలు కలిసి పనిచేస్తయ్. బట్టల క్లిప్పులు తీగకు పెట్టించుడు, చపాతీ పిండి ముద్దలు చేయించుడు, ఉల్లిగడ్డ పొట్టు తీయించుడు. వారానికి నాలుగు రాయొచ్చు.

రెండోది రాత. తల్లికి వాదన చెప్తే నమ్మదు. వరుస చూపెట్టాలె. పిల్లలు చూసి గీసే ఆకారాలకు ఒక క్రమం ఉన్నది. మూడేండ్లకు గుండ్రం, నాలుగేండ్లకు కూడిక గుర్తు, నాలుగున్నర అటూ ఇటూ చతురస్రం, ఐదేండ్లకు త్రిభుజం. ముందు ఎనుక కొన్ని నెలలు తేడా ఉంటది. కూడిక గుర్తు గీయలేని పిల్లతోటి 'అ' దిద్దిస్తే చేయి టీచర్ పట్టుకొని తిప్పుతది, పిల్ల చూపు కిటికీ మీద ఉంటది. పలక మీద అక్షరం పడ్డదని తల్లి సంతోషపడుతది. పిల్లకు వచ్చింది ఏం లేదు. పైగ నాలుగు వేళ్లతోటి పిడికిలి బిగించి పట్టుడు అలవాటైతే రెండో తరగతి దాక పోదు.

మన తెలుగు అక్షరాలు గుండ్రం మీద బతికేటియి. సున్న గీయడం వచ్చిన పిల్లకు, దాని మీద తలకట్టు గీత పెట్టడం వస్తే 'ర' దగ్గరైతది. 'గ', 'ట', 'న' తర్వాత. 'అ' తోటి మొదలుపెట్టుడు పండుగ నాడు అక్షరాభ్యాసానికి బాగుంటది గాని, చేతికి అది కష్టమైన అక్షరం. ఎన్నిసార్లు తిరుగుతదో గీసి చూడండి.

చేతికి సాధనం ఎట్లంటే: ఒక అంగుళం రంగుల బ్రష్, మగ్గుల నీళ్లు, నల్లబోర్డు లేకపోతే బయటి సిమెంటు గోడ. నీళ్లతోటి పెద్ద సున్నలు, అడ్డగీతలు గీయాలె. ఎండకు ఆరిపోతది, మళ్లీ గీస్తరు. భుజం తిరగాలె ముందు, ముంజేయి తర్వాత, వేళ్లు ఆఖర్న. బలపం ఇచ్చేటప్పుడు నిండు బలపం ఇయ్యొద్దు. రెండు, రెండున్నర సెంటీమీటర్ల ముక్క ఇయ్యండి. చిన్న ముక్కను పిడికిలితోటి పట్టలేరు, మూడు వేళ్లతోటే పట్టాలె. చెప్పే పని లేకుండ పట్టు కుదురుతది. కొత్త పెన్సిలు కొనిచ్చినమని తల్లిదండ్రులు గొప్పగ చెప్తరు, దాన్ని ఇంట్లనే ఉంచుమనండి.

పిండి ముద్దలకు రెండు కప్పుల గోధుమపిండి, కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె, నీళ్లు కప్పు కంటే కొంచెం తక్కువ, అవి కూడ కొద్దికొద్దిగ. ఉప్పు ఎందుకంటే బూజు తొందరగ పట్టదు, పిల్లలు రెండోసారి నోట్ల పెట్టుకోరు. వానకాలం ఉప్పు తేమ గుంజి జిగురైతది. అప్పుడు ఇంకింత పిండి కలపండి. లేకపోతే చెరువు మట్టి జల్లెడ పట్టి నానబెట్టండి, పైసలు సుత మిగులుతయ్.

నారాయణపేట జరీ | నారాయణపేట

గింజలు లెక్కపెట్టించే కాడ ఒక హెచ్చరిక. మూడేండ్ల లోపు పిల్లలు అదే గదిల ఉంటే శెనగలు, కందులు, చింతగింజలు నేల మీద పెట్టొద్దు. నోట్లకైనా, ముక్కులకైనా పోతయ్. ముక్కుల పోయిన శెనగ తేమకు ఉబ్బుతది, ఇంట్ల పిన్నుతోటి తీయబోతే లోపలికి పోతది. తీయకుండ దవాఖానకు తోలాలె. చిన్న పిల్లలున్న కాడ లెక్కలకు పెద్ద డబ్బా మూతలు, అగ్గిపెట్టె డబ్బాలు వాడండి, పిడికిలంత ఉండేటివి.

ఇంకో సంగతి. కర్ణాటక అంచున ఉన్న ఊర్లల్ల కన్నడం మాట్లాడే ఇండ్లు బాగున్నయ్. టీచర్ తెలుగుల చెప్తే పిల్ల చూస్తనే ఉంటది. మాట వినలేదని లెక్కేస్తరు. ఆ పిల్లకు మాట సమజే కాలేదు.

దేవరకొండ గుట్ట | దేవరకొండ

తండాలల్ల ఇదే పెద్ద సమస్య. చందంపేట, డిండి దిక్కు లంబాడా పిల్లలు మూడేండ్లకు వచ్చేసరికి తెలుగు విని ఉంటరు గాని నోట్ల రాదు. టీచర్ కూడ తండా మనిషైతే బాధ లేదు. కింది ఊరి నుంచి వచ్చేటామె అయితే మొదటి పని, ఇంటి భాషల ఒక 30, 40 మాటలు నేర్చుకోవాలె. రంగులు, జంతువుల పేర్లు కాదు. ఒంటికి, కడుపుకు, భయానికి సంబంధించిన మాటలు: నీళ్లకు పాణి, అమ్మకు యాడి, రొట్టెకు బాటి. ఒంటికి పోవాలె, నొస్తుంది, ఇంటికి పోత, రా, కూసో అనేటివి తండా తల్లితోటి పలికించుకొని, తెలుగు లిపిల చార్టు రాసి తలుపు ఎనుక అంటించుకోండి. పిల్లలకు కనపడే పని లేదు, టీచర్‌కు కనపడితే చాలు.

ఎందుకంటే ఒంటికి పోవాలె అని అడగలేని పిల్ల చడ్డీల పోసుకుంటది. మిగిలినోళ్లు నవ్వుతరు. తెల్లారి రాదు. రిజిస్టరుల గైర్హాజరు అని పడుతది, అసలు కారణం ఆ ఒక్క మాట.

మొదటి రెండు మూడు నెలలు ప్రతి ఆజ్ఞ రెండు భాషల్ల, ముందు ఇంటి భాష, ఎంటనే తెలుగు. చేతి సైగ రెండింటికీ ఒక్కటే ఉండాలె. తర్వాత ఇంటి భాష తగ్గించుకుంట పోవచ్చు. కథ మాత్రం వారానికి ఒక్కసారన్నా తండా ముసలామెను పిలిపించి లంబాడిలనే చెప్పించండి. టీచర్ కింద కూసొని పిల్లలతోటి పాటు వినాలె. దీనితోటి టీచర్ విలువ తగ్గుతదని కొందరి భయం. తగ్గదు. ఆ ముసలామెనే పోయి తండా మొత్తం చెప్తది, ఈ టీచరమ్మ మన మనిషని.

నల్లరేగడి | అలంపూర్

చట్టం చట్టం అంటున్నరు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏండ్లకు కదా? అంగన్‌వాడీ పిల్లలకు ఏ చట్టం?

పాత గ్రంథాలయం | నల్లగొండ

మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడ పొరబడతారు. శారీరక శిక్ష, మానసిక వేధింపు కూడదన్న 17వ సెక్షన్ విద్యాహక్కు చట్టంలోది. ఆ చట్టంలో బాలలంటే 6 నుంచి 14. అంతమాత్రాన మూడేళ్ల పిల్లను కొట్టవచ్చని కాదు. 2015 బాలల న్యాయ చట్టం 18 ఏళ్ల లోపు అందరికీ వర్తిస్తుంది. దాని 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల బాధ్యత చేతిలో ఉన్న మనిషి వాళ్లను కొట్టినా, అనవసరంగా శరీరానికో మనసుకో బాధ కలిగించినా మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసే వాళ్లయితే అది ఐదేళ్లు, ఐదు లక్షల దాకా పోతుంది. "తల్లే కొట్టమంది" అన్నది మనల్ని కాపాడే మాట కాదు. నాయనమ్మ అప్పజెప్పిపోయిన మాట కూడా.

2013 జాతీయ పసిపిల్లల సంరక్షణ, విద్యా విధానం 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు 20 మందికి ఒక పెద్ద మనిషి ఉండాలంది. మూసీ ఆయకట్టు గారు చెప్పిన బడుల్లో 40 మందికి ఒక్కరుంటే, ఆ టీచర్ చేతిలో కర్ర ఉండటానికి స్వభావం ఒక్కటే కారణం కాదు.

మూసీ ఆయకట్టు | మిర్యాలగూడ

అది నిజం. టీచర్ ఏడాది నడుమ మారితే ఇంకా ఘోరం. పాత టీచర్ పాటలు కొత్తామెకు రావు. అందుకే పాటల వరుస, చుక్కల పద్ధతి, ఎవరు ఏ గుంపు అన్నది ఒక్క పేజీల రాసి గోడకు పెట్టుమని చెప్పాలె. కొత్తామె వచ్చిన రోజు పిల్లలు అదే పాట వినాలె.

పిల్లలమర్రి | మహబూబ్‌నగర్

ఆయమ్మ సంగతి రాయకపోతే ఇది అసంపూర్ణం. రెండు గుంపులు అన్నప్పుడు రెండో గుంపు ఆమె మాట వినాలె. ఆమె మాట విలువ టీచర్ నోట్ల ఉంటది. టీచర్ "ఏయ్ లచ్చిమీ, ఇటు రా" అంటే పిల్లలూ అట్లనే అంటరు. "లక్ష్మమ్మా" అంటే పిల్లలూ అమ్మా అనే అంటరు. ఊర్లల్ల కులం పట్టింపు ఈ గదిల కూడ దూరుతది. ఆమె వడ్డిస్తే తినొద్దని చెప్పి పంపే ఇండ్లు ఇంకా ఉన్నయ్. టీచర్ వాదన పెట్టుకునే పని లేదు. ఆయమ్మ వండింది టీచర్ పిల్లల నడుమ కూసొని, వాళ్ల ముందు, వాళ్లతోటి పాటు తినాలె. ప్లేట్లు, గ్లాసులు అందరివి ఒక్క తీరు, గుర్తులు లేకుండ ఉండాలె.

మూలల్ల గొడవకు ఇంకో ఉపాయం. ఒక్కో మూలకు ఐదుగురే. గోడకు ఐదు మేకులు, వాటికి ఐదు గుడ్డ దండలు, బిళ్లల మూలకు ఎర్రవి, బొమ్మల మూలకు పచ్చవి. దండ ఏసుకుంటేనే మూలకు. మేకులు ఖాళీ అయితే జాగ లేదని పిల్లనే చూసుకుంటది, టీచర్ కాదనే పని లేదు. మేకుల ఎత్తు రెండున్నర అడుగులు దాటొద్దు. ఐదుగురికి చెక్క బిళ్లలు 60 ఉండాలె. 20 ఉంటే దండలున్నా కొట్టుకుంటరు. వడ్రంగి కాడ మిగిలిన టేకు, వేప ముక్కలు అడిగి, 80 నంబరు గరుకు కాగితంతోటి ఒకసారి, 120తోటి ఒకసారి రుద్దితే చాలు. రంగు వేయొద్దు, నోట్ల పెట్టుకుంటరు.

"లీడర్" పద్ధతి మాత్రం మానండి. ఐదేండ్ల పిల్లగాని చేతికి స్కేలు ఇచ్చి చూస్తుండుమంటే టీచర్ మానేసిన దెబ్బ వాడు మొదలుపెడతడు. సాయం చేసేటోళ్లు రోజుకు ఇద్దరు, పేర్ల చార్టు వరుసల. పని గ్లాసులు పంచుడు, చాపలు పరుచుడు. పెత్తనం కాదు.

పానగల్లు గట్టు | నల్లగొండ

ఫోన్ సంగతి? పోషణ్ ట్రాకర్ అనే సర్కారు యాప్, గ్రూపుల ఫొటోలు, టేక్ హోమ్ రేషన్ (ఇంటికిచ్చే సరుకులు) ఇచ్చే కాడ ఫోన్ల మొహం గుర్తింపు. గదిల సగం టైము దాంట్లనే పోతది. పిల్లలు టీచర్ మొహం బదులు ఫోన్ ఎనుక భాగం చూస్తున్నరు.

నారాయణపేట జరీ | నారాయణపేట

యాప్ ఆపలేం, దాని టైము కట్టేయొచ్చు. పిల్లలు చుక్కల మీద కూసున్నంక హాజరు పెట్టొద్దు. ఒక్కొక్కరు గడపల అడుగుపెట్టేటప్పుడు పేరు పెట్టి పలకరించి, తలుపు కాడి చార్టుల వాళ్ల కార్డు వాళ్లే తిప్పాలె. అందరొచ్చినంక ఆ చార్టు చూసి ఒక్కసారి యాప్ల ఎక్కించాలె, రెండు నిమిషాల పని. సిగ్నల్ రాకపోతే మధ్యాహ్నం అన్నం తర్వాత చూడొచ్చు. సిగ్నల్ కోసం మెట్ల మీద నిలబడుడు బంద్ చేయాలె. రేషను మొహం గుర్తింపుకు తల్లులను ఏ పొద్దు పడితే ఆ పొద్దు రానీయకుండ, బడి ముగిసినంక గంట చెప్పాలె.

ఫొటోకు పిల్లలను ఆపి, తిప్పి, నవ్వుమనొద్దు. ఒక్కసారి అట్ల చేస్తే ఫోన్ తీసినప్పుడల్ల ఆట వదిలి వరుసల నిలబడతరు. ఆయమ్మకు ఫోన్ ఇచ్చి ఆడుతుండంగ పక్క నుంచి రెండు తీయించండి. ఒళ్లు కడిగేటియి, ఏడుస్తున్నయి, గోడకు అంటించిన బరువు లెక్కలు పడ్డయి గ్రూపుల పెట్టొద్దు. ఒక పిల్ల బరువు తక్కువని ఊరందరికీ తెలిస్తే ఆ తల్లి మళ్లీ తూకానికి రాదు.

పాత గ్రంథాలయం | నల్లగొండ

సర్కారు బడుల్లో 2025-26 నుంచి ఎంపిక చేసిన చోట్ల పూర్వ ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి. అదే ఆవరణలో అంగన్‌వాడీ కూడా ఉంటే కొత్త చిక్కు. ఆ పిల్లలు ఎవరి పిల్లలు? హెడ్మాస్టర్‌ది విద్యాశాఖ, అంగన్‌వాడీది మహిళా శిశు సంక్షేమ శాఖ. ఏడాది మొదట్లోనే మూడు విషయాలు కాగితం మీద రాసుకోవాలి: వయసును బట్టి ఎవరు ఎక్కడ కూర్చోవాలి, భోజనం ఎవరి లెక్కలో, ఆట స్థలం ఏ గంటలో ఎవరికి. ఒకటో తరగతికి ఏ వయసులో తీసుకోవాలో కూడా రాయాలి. ఐదేళ్ల పిల్లను ఒకటో తరగతి లెక్క కోసం లాగితే అంగన్‌వాడీ టీచర్ ఐదో ఏడు పని మొత్తం చెదిరిపోతుంది. ఆ ఏడాదే పిల్లలకు పదాల్లో ధ్వనులు పట్టుకోవడం, పదాలను విడగొట్టి చప్పట్లు కొట్టడం వంటివి కుదురుతాయి.

పానగల్లు గట్టు | నల్లగొండ

బాగుంది. నెలకొకసారి ఈసీసీఈ డే (పసిపిల్లల సంరక్షణ, చదువు గురించి తల్లులను పిలిచే రోజు) పెడతం కదా. ఆ రోజు తల్లులకు ఏం చూపెట్టాలె? పాటలు, డాన్సు చూపెడితే చప్పట్లు కొట్టి పోతున్నరు. తెల్లారి మళ్లీ అదే ప్రశ్న.

బలపం ముక్క | సూర్యాపేట

డాన్సు వద్దు. పిల్లకొక అట్ట ఫైలు పెట్టండి. నెలకొక బొమ్మ, తారీకు వేసి, గీసేటప్పుడు పిల్ల ఏమన్నదో ఆ మాట కింద రాసి దాచండి. "ఇది మా బర్రె, దీనికి కోపమొచ్చింది" అన్నట్టు, పిల్ల నోటి మాటనే. జూన్ బొమ్మ, నవంబర్ బొమ్మ పక్కపక్కన తల్లి చేతుల పెట్టండి. జూన్ల గీతల కుప్ప ఉంటది, నవంబర్ల తల, కాళ్లు, కండ్లు ఉంటయ్. ఏం మారిందో ముందు తల్లినే చెప్పనీయాలె. ఆ తర్వాత పైన రాసిన ఆకారాల వరుస చార్టు చూపెట్టి, మీ పిల్ల ఇక్కడున్నది, వచ్చే మెట్టు ఇది, ఇంట్ల మీరు చేయాల్సింది చిక్కుడుకాయలు అని చెప్పండి. ఒక్కో తల్లికి మూడు నిమిషాలు. 25 మందికి గంటకు పైన పడుతది కాబట్టి అందరినీ ఒక్కరోజు పిలవొద్దు. నెలకు 8, 9 మందిని పిలిస్తే మూడు నెలలకు ఒక చుట్టు అయితది.

దేవరకొండ గుట్ట | దేవరకొండ

టైము కూడ చూసుకోండి అక్కా. పొద్దున 11 గంటలకు పెడితే ఎవరూ రారు. పత్తి ఏరేటప్పుడు కూలికి పోయిన తల్లి దీపాలు పెట్టే యాళ్లకు గాని రాదు. ఆ రెండు మూడు నెలలు ఫైళ్లు తీసుకొని తండాకే పోవాలె, లేకపోతే పొద్దున ఆటో ఎక్కే కాడ నిలబడి ఆ రెండు బొమ్మలు చూపెట్టాలె.

నల్లరేగడి | అలంపూర్

మా దిక్కు మిరప ఏరేటిది సంక్రాంతి దాటినంక. ఆ నెలలకు ఫైలు నాయనమ్మకు చూపెట్టమనండి. భయం పెట్టుమనేది ఆమెనే కాబట్టి.